ఇద్దరు మర్యాదస్తులు

నిన్న సాయంత్రం మనవరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. చూడ్డానికి ఒకేలా ఉండి అర్థం వేరుగా ఉండే మాటలని ఒక పాఠం. జతలు జతలుగా ఇచ్చి, ఒక్కోదానికీ వాక్యం రాసుకు రమ్మన్నారట. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కదా, ఇంట్లో ఇలాంటివన్నీ నా మీదికే వస్తాయి. కళ్ళు సరిగా ఆనకపోయినా మొదటి నాలుగు జతలూ చెప్పాను. ఐదో జత రెస్పెక్టబుల్, రెస్పెక్ట్‌ఫుల్. "చెప్పు జేజీ" అని పిల్ల పెన్సిలు పట్టుకుని కూర్చుంది. తలనొప్పిగా ఉంది, మీ అమ్మనడుగు పో అని పంపేశాను.

తలనొప్పి అబద్ధం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కూడా ఈ పాఠం వచ్చినప్పుడు రెండు అర్థాలూ నల్లబల్ల మీద రాసి, పుస్తకంలో ఎక్కించుకోండి అని చెప్పి దాటేసేదాన్ని. తక్కిన జతలకు ఉదాహరణలు చెప్పి దీనికెందుకు చెప్పలేదని ఒక్క పిల్లా అడగలేదు. అడిగినా చెప్పే ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం ఉందని కాదు. దాచిపెట్టుకోవడానికి కూడా ఓపిక కావాలి, అది అయిపోయింది, అంతే.

మాది కోయిలకుంట్లకు బండి మీద ఒక పూట ప్రయాణం ఉండే ఊరు. అంతా నల్లరేగడి. వాన పడితే కాలికి చెప్పు మిగలదు, ఎండ కాస్తే నేల నెర్రెలిచ్చి పిల్లల పాదాలు అందులో ఇరుక్కుంటాయి. ఊరికి ఎడంగా మా పేట. ముప్పై నలభై కొట్టాలు, వాటి మధ్య నాపరాళ్ళ కప్పుతో ఒకే ఒక్క గట్టి కట్టడం. దాన్ని మేం గుడి అనేవాళ్ళం. ఆదివారం అది గుడి, తక్కిన రోజుల్లో బడి. మా నాయన కూడా అంతే. ఆదివారం ప్రార్థన చేయించి వాక్యం చెప్పే ఉపదేశి, తక్కిన రోజుల్లో పంతులు.

ఆ గుడి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పేడతో అలికిన నేల, కప్పు సందుల్లో గబ్బిలాలు, పలకలు తుడిచే ఆకుల పసరు, వీటన్నిటి మీదా జొన్నల వాసన. మా ఆడవాళ్ళు పూటపూటా పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు గింజలు దేవుడికని తీసి వేరే ముంతలో వేసేవాళ్ళు. ఆదివారం కొంగున కట్టుకొచ్చి గుడి మూలనున్న బానలో పోసేవాళ్ళు. జొన్నలు, కొర్రలు, సజ్జలు అన్నీ కలిసిపోయి ఉండేవి. ప్రార్థనలో పెద్దలు కళ్ళు మూసుకున్నప్పుడు నేనూ ఇంకో ఇద్దరు పిల్లలూ వెనకనుంచి ఆ బానలో చేయి పెట్టి తలా ఇన్ని దొంగిలించి, బయట పెంకు మీద వేయించుకుని తినేవాళ్ళం. దేవుడి గింజలు తింటే నోట్లో పుండ్లు లేస్తాయని అమ్మ చెప్పేది. ఒక్కసారీ లేవలేదు.

నాయనకు రెండు ఆస్తులుండేవి. ఒకటి నల్లగొడుగు. రెండోది ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలుండే నిఘంటువు. వెళ్ళిపోతూ ఒక మిషను దొర ఇచ్చిపోయాడట. అట్ట ఊడిపోతే అమ్మ గోనెగుడ్డతో కుట్టింది. సాయంత్రం పూట బైబిలు చదివాక దాన్ని తీసేవాడు. ఏ పేజీ వస్తే ఆ పేజీ చదివి, ఒక్కో అర్థం బాగుందనుకుంటే మాకు వినిపించేవాడు. అర్థం తెలిసినవాణ్ణి ఎవరూ మోసం చేయలేరని ఆయన నమ్మకం.

గొడుగు సంగతి కూడా చెప్పాలి. పేట దాటి ఊళ్ళోకి పోయేటప్పుడు రచ్చకట్ట దాకా దాన్ని విప్పుకుని పోయేవాడు. రచ్చకట్ట దగ్గర మూసి చంకలో పెట్టుకునేవాడు. చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు. అక్కడినుంచి రెడ్డి ఇల్లు, కరణం ఇల్లు, శెట్టి అంగడి దాటేవరకూ అంతే. మండుటెండలో కూడా అంతే. ప్రార్థనప్పుడు కళ్ళు మూసుకున్నట్టే అదీ ఒక పద్ధతి అని నేననుకునేదాన్ని. పైగా మీ నాయన మర్యాద తెలిసిన మనిషి అని ఊళ్ళోవాళ్ళు అంటూంటే నాకు గొప్పగా ఉండేది.

అక్కకూ నాకూ ఆరేళ్ళు తేడా. నాకప్పుడు పది, దానికి పదహారు. నాయనతో పాటు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది. దాని చేతిరాత చూస్తే అచ్చు వేసినట్టుండేది. ఒక పిల్లకు ఏదైనా రాకపోతే కోప్పడకుండా పది రకాలుగా చెప్పేది, నాకు ఆ ఓపిక ఎన్నడూ రాలేదు. కడప వైపు ఒక పట్నంలో ఆడపిల్లలను పంతులమ్మలుగా తయారుచేసే బడి ఉందని, రెండేళ్ళు అక్కడే పెట్టుకుని చదివిస్తారని మిషను దొరసాని చెప్పినప్పటినుంచీ మా ఇంట్లో అదే మాట. అమ్మ రెండు తెల్లచీరలు కొనిపెట్టింది. అక్క వాటికి అంచు కుట్టి, మడిచి, మధ్యలో వేపాకు పెట్టి దాచుకుంది. రోజుకోసారి తీసి చూసుకునేది. చూసుకుంటున్నట్టు ఎవరికీ తెలియదని అనుకునేది.

దొరసాని ఏటా చలి తగ్గేవేళకు వచ్చి వాగు పక్కన చింతతోపులో గుడారం వేసేది. పది రోజులుండేది. ఆ పది రోజులూ మాకు పండుగే. గుడారంలో సబ్బు వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన, తగరపు డబ్బాల్లోంచి తీసే బిస్కత్తుల వాసన. ఆమె తెలుగు పుస్తకంలోంచి ఊడిపడినట్టుండేది. "పిల్లలారా, మౌనముగా కూర్చుండుడి" అనేది. మేం ఇంటికి పోయి ముక్కు పట్టుకుని అలాగే మాట్లాడి అమ్మ చేత తిట్లు తినేవాళ్ళం. మంచి మనిషే. నా కోపం ఆమె మీద కాదు. ఉండాల్సిందేమో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

ఆ ఏడు ఆమె ఆ బడిలో చేరడానికి నింపాల్సిన అచ్చుకాగితం ఒకటి తెచ్చింది. అక్క తన చేత్తోనే అన్నీ నింపింది. చివర రెండు గళ్ళు మిగిలాయి. ఈ పిల్ల నడవడి మంచిదని ఊళ్ళో ఇద్దరు రెస్పెక్టబుల్ మనుషులు సంతకం చేయాలని అక్కడ ఇంగ్లీషులో ఉంది. రెడ్డి గారు, శెట్టి గారు వంటి వారి చేత చేయించుమని దొరసాని చెప్పింది. తాను ఊరిదాన్ని కాదు కాబట్టి చేయకూడదట. నాయన చేయకూడదా అంటే, తండ్రి కాబట్టి కూడదు, తండ్రి కాకపోయినా కూడదు అన్నట్టు ఏదో నసిగింది.

అమ్మ అప్పుడే పావులు కదిపింది. మా పేటలో మంత్రసాని అవ్వ ఒకతె ఉండేది. ఊళ్ళో అన్ని కాన్పులకూ ఆమెనే పిలిచేవాళ్ళు. రెడ్డి ఇంటికి దొడ్డిదారిన పోయి, పని ముగించి, దొడ్డిదారినే వచ్చేది. ఆమె పోయాక వాళ్ళు ఇల్లంతా కడుక్కునేవాళ్ళు. అయినా ఆ ఇంటి ఆడవాళ్ళకు ఆమె అంటే చనువు. ఆమె ద్వారా అమ్మ మాట పంపింది. రెడ్డి సరేనన్నాడు. శివరాత్రికి ఇంటిల్లిపాదీ మహానందికి బండ్లు కడుతున్నామని, రేపు పొద్దున పెందలాడే ఉపదేశిని వచ్చి నిలబడమని, సంతకం చేసి బండెక్కుతానని చెప్పి పంపాడు. రెడ్డి చేస్తే ఆ కింద తాను చేస్తానని శెట్టి కూడా ఒప్పుకున్నాడు. ఎల్లుండి దొరసాని గుడారం ఎత్తేస్తుంది, కాగితం ఆమెతోనే పోవాలి. ఇక మిగిలిందల్లా నాయన పొద్దున్నే లేచి రెడ్డి వాకిటికి పోవడమే.

ఆరోజు మధ్యాహ్నం గుడారంలో పెద్దపిల్లలకు ఇంగ్లీషు పాఠం. మా వాచకం చివర, నిన్న మనవరాలు చూపించినటువంటి పట్టికే ఒకటుండేది. దొరసాని మెల్లగా చెప్పింది. రెస్పెక్ట్‌ఫుల్ అనగా ఇతరులకు గౌరవము ఇచ్చువాడు. రెస్పెక్టబుల్ అనగా ఇతరులచే గౌరవము పొందువాడు. మీలో ఎవరైనా మీ ఊరిలోనుండి ఉదాహరణ చెప్పగలరా అని అడిగింది. నేను వెంటనే లేచాను. మా నాయన రెస్పెక్ట్‌ఫుల్, రెడ్డి రెస్పెక్టబుల్ అన్నాను.

దొరసాని చప్పట్లు కొట్టింది. వెరీ గుడ్ అంది. తన పెట్టెలోంచి ఒక బొమ్మకార్డు తీసి ఇచ్చింది. దొరల దేశంలో ఎవరో ఎవరికో పంపుకున్న పాత పండుగ కార్డు, రాతలున్న సగం కత్తిరించి బొమ్మ ఉన్న సగం మాకు బహుమానంగా పంచేవాళ్ళు. మంచు, మంచు మీద ఎర్రరొమ్ము పిట్ట. నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ కార్డు పట్టుకుని చింతతోపు నుంచి ఇంటిదాకా ఆగకుండా పరుగెత్తాను.

నాయన గడప పక్కన కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. ఎర్రగడ్డ కారం, పక్కన చిన్న గిన్నెలో ఉలవచారు. ఆయనకు ఎంతో ఇష్టమైన తిండి. అక్క వడ్డిస్తోంది. నేను రొప్పుతూనే పాఠం మొత్తం అప్పజెప్పాను. రెండు మాటలు, రెండు అర్థాలు, నా ఉదాహరణ. ఆయన్ను పొగిడాననే నేననుకున్నాను. దేవుడి తోడు, పొగిడాననే అనుకున్నాను.

నాయన చేయి రొట్టె మీద ఆగిపోయింది.

"దొరసాని ఏమనింది?" అన్నాడు.

"వెరీ గుడ్ అనింది నాయనా. ఈ బొమ్మ ఇచ్చింది."

ఆయన ఆ కార్డు ఎడమచేత్తో తీసుకుని చూశాడు. మంచిది అని తిరిగి ఇచ్చాడు. సగం రొట్టె వదిలేసి లేచి చేయి కడుక్కున్నాడు. ఎప్పుడూ పళ్ళెంలో మెతుకు మిగిల్చే మనిషి కాదు. వెలుగు ఇంకా ఉండగానే దీపం ముట్టించుకుని నిఘంటువు ముందు పెట్టుకున్నాడు. అక్క నా వైపు చూసి, ఏమైంది అన్నట్టు కళ్ళెగరేసింది. అది పొయ్యి దగ్గరికీ గడపకూ తిరుగుతూ ఉండింది, నా మాటలు సరిగ్గా వినలేదు. నాకేం తెలుసు అన్నట్టు భుజాలెగరేశాను. నిజంగానే నాకేం తెలియలేదు.

తెల్లవారి నాయన తలకు పోసుకుని, చలువ చేసిన పంచె కట్టుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొడుగు తీసుకుని బయల్దేరాడు. అమ్మ వాకిట్లో నిలబడి చేతులు జోడించి ప్రార్థన చేసింది. నేను ఆయనకు తెలియకుండా వెనకే పోయాను. మా అక్క కాగితం మీద రెడ్డి సంతకం పెట్టేది చూడాలని.

రచ్చకట్ట దగ్గర ఆయన ఆగాడు. అలవాటుగా గొడుగు కిందికి దించాడు, కానీ మూయలేదు. అక్కడినుంచి చూస్తే రెడ్డి వాకిట్లో గూడుబండ్లు, ఎద్దుల మెడల్లో గంటలు, హడావిడి పడుతున్న మనుషులు అంతా కనబడుతోంది. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. శెట్టి అంగడి తలుపు తీస్తూ ఏమప్పా రావా అన్నట్టు చేయి ఊపాడు. నాయన గొడుగు మళ్ళీ పైకెత్తి, వెనక్కి తిరిగాడు. తిరిగితే ఎదురుగా నేను. తిడతాడనుకున్నాను.

"ఇంటికి పొయ్యి మసీ ఆముదమూ కలుపుకోని రా" అన్నాడు. "మంత్రసాని అవ్వ కాడికి రా."

మసీ ఆముదమూ అంటే వేలిముద్రకు. ఎవరిదో నాకర్థం కాలేదు. కొబ్బరిచిప్పలో కలుపుకుని పోయేసరికి అవ్వ తన కొట్టం ముందు చేటలో అలసందలు ఏరుతోంది. నాయన ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఆమెకు సంగతి చెబితే నవ్వింది. మీకేమన్నా పిచ్చా అంది. తన పేరే ఎవరికీ సరిగ్గా తెలియదని, తన వేలు ఎందుకు పనికొస్తుందని అంది.

"రెడ్డి బొడ్డు కోసిన చెయ్యి నీది" అన్నాడు నాయన. "ఈ ఊర్లో నీ చేతిలో పడకుండా భూమ్మీదికొచ్చినోడు ఎవురుండారు? నీకంటే మర్యాదస్తురాల్ని యాడనుంచి తెచ్చేది?"

అవ్వ బొటనవేలు చాపింది. నీళ్ళలో, బూడిదలో నాని నాని గీతలు అరిగిపోయిన వేలు. మొదటిసారి ముద్ర పడలేదు, నల్లటి మరక పడింది. దాని పక్కనే నాయన రెండోసారి గట్టిగా అదిమి వేయించాడు.

రెండో ముద్ర గంట కొట్టే పెద్దయ్యది. గుడి ముందు వేలాడే రైలుపట్టా ముక్కను ఆదివారాలు కొట్టేది ఆయనే, పేటలో ఎవరు పోయినా గుంత తవ్వేది ఆయనే. పెద్ద కరువులో తన ఇంటి గంజి పక్కింటి పిల్లలకు పోసి తన బిడ్డను పోగొట్టుకున్న మనిషి అని చెప్పుకునేవాళ్ళు. ఆయన వేలు పెట్టేముందు తొట్టి దగ్గరికి పోయి రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాడు.

నాయన ఇంటికొచ్చి కాగితం అమ్మ ముందు పెట్టాడు. అమ్మకు చదువు రాదు గానీ సంతకానికీ ముద్రకూ తేడా తెలుసు. "రెడ్డి సంతకం యాడుండాది?" అంది.

"ఇద్దరు మర్యాదస్తులు గావల్లని రాసుండారు. తెచ్చినా. రెడ్డిని గురించి యాడా రాయలేదు. గౌరవించదగిన మనిషి అని అర్థం. రాత్రి మూడు తూర్లు చూసినా."

"బడోళ్ళు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే వాళ్ళకు ఇంగ్లీషు రాదని అర్థం" అన్నాడు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంకా బండ్లు కదలలేదు, ఇప్పుడైనా పొమ్మని బతిమాలింది. ఆయన చెప్పులు విడిచి గోడ వారగా పెట్టి, బడికి పొద్దెక్కిందని గుడికి పోయాడు. ఆ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ అక్క గుంజకు ఆనుకుని నిలబడే ఉంది. నాయన చూశాడు, అమ్మ చూసింది, నేను చూశాను. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం నాయన వెంట నేనూ చింతతోపుకు పోయాను. దొరసాని కాగితం చూసింది, నాయనను చూసింది, మళ్ళీ కాగితం చూసింది. ఇది సరియేనా ఉపదేశి గారూ అంది. నాయన చంకలోంచి నిఘంటువు తీసి, ఆ పేజీ తెరిచి, రెండు చేతులతో ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె చదివింది. మొహం ఎర్రబడింది. మీ అర్థము సరియే, కాని అక్కడివారు వేరు విధముగా తలచుదురు అంది. అర్థం సరిగా ఉంటే చాలమ్మా అన్నాడు నాయన. ఆమె కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుంది. నన్ను చూసి నవ్వబోయి ఆపేసింది.

చేలు దున్నే రోజుల్లో కాగితం తిరిగొచ్చింది. రెస్పెక్టబుల్ అనే మాట కింద ఎర్రపెన్సిలుతో ఒక గీత, రెండు ముద్రల చుట్టూ ఒక గుండ్రం, అంతే. ఒక్క మాటా రాయలేదు. దాంతోపాటు దొరసాని ఉత్తరం. చాలా విచారిస్తున్నానని, స్థలాలు నిండిపోయాయని, ఏటేటా వయసు కట్టుబాటు మారుతున్నందువల్ల వచ్చే ఏడు మాట ఇవ్వలేనని. నాయన ఆ ఎర్రగీత మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నిఘంటువు తీయలేదు. ఆ తర్వాత ఆయన దాన్ని చదువుతుండగా నేను చూడలేదు.

అక్క మా ముందు ఏడవలేదు. పొద్దున్నే అమ్మతో కూలికి పోయింది. తెల్లచీర నల్లరేగట్లో పనికిరాదని అమ్మ రెండింటినీ తుమ్మచెక్క వేసి ఉడకబెట్టింది. మట్టిరంగు తిరిగాయి. అవే కట్టుకుని అక్క కలుపు తీసింది, పత్తి ఏరింది. నాయనకు ఎప్పటిలాగే వడ్డించేది, కానీ ఏం కావాలని అడిగేది కాదు. మరుసటేడు వేసవిలో దానికి పెళ్ళయింది. దాని మొగుడు కడప వైపు నాపరాళ్ళ గనిలో బండలు కొట్టేవాడు.

నా మాట వల్లే ఇదంతా జరిగిందని నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పలేను. ఒక్కసారిగా తెలియలేదు. బుద్ధి పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా తెలిసింది, తెలిసేకొద్దీ నా మీద నాకు అసహ్యం పెరిగింది. ఎర్రరొమ్ము పిట్టను పొయ్యిలో పెట్టాను. నాయన మాత్రం ఆ సాయంత్రం గురించి చచ్చేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నా వంతు వచ్చేసరికి ఆరేళ్ళు గడిచాయి. అదే బడి, అదే కాగితం, అవే గళ్ళు. ఈసారి అమ్మ ఏమీ చెప్పలేదు. నాయనే లేచాడు, నన్నూ రమ్మన్నాడు. రచ్చకట్ట దగ్గర గొడుగు మూశాడు, చెప్పులు చేత పట్టుకున్నాడు. రెడ్డి అరుగు ముందు ఎండలో నిలబడ్డాం. రెడ్డి చెడ్డవాడని చెప్పలేను. మమ్మల్ని నిలబెట్టాలని నిలబెట్టలేదు. ఎవరో వచ్చారు, మాట్లాడుకున్నారు. పలహారం తిన్నాడు, క్షవరం చేయించుకున్నాడు. మేమున్నామన్న సంగతి మరిచిపోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక చూసి పిలిచాడు.

సంతకం చేస్తూ అడిగాడు. "ఏమప్పా ఉపదేశీ, అప్పుడు పెద్దపిల్లకని కబురు చేసి రాకనే పోతివే. బండ్లు ఆపుకోని నీకోసరం చూసినా."

"అప్పుడు నాకు బుద్ధి లేదయ్యా" అన్నాడు నాయన.

ఆయనకు బుద్ధి ఉన్న రోజు అదొక్కటే అని ఆ క్షణంలో నాకు అరవాలనిపించింది. అరవలేదు. నా కాగితం రెడ్డి చేతిలో ఉంది. సిరా ఆరేదాకా నేను కూడా తల వంచుకునే నిలబడ్డాను. రచ్చకట్ట దాటాక నాయన చెప్పులు వేసుకుని గొడుగు విప్పి నా మీద పట్టాడు. ఎండగా ఉండాది, లోపలికి రా అన్నాడు. ఆయన మెడ మీద చర్మం ముడతలు పడి నల్లగా కమిలి ఉంది. నేను పంతులమ్మనయ్యాను.

నాయన చనిపోయిన ఏడాది అక్క దగ్గరికి పోయాను. కడప ఎండ, చుట్టూ నాపరాళ్ళ కుప్పలు, రాతిదుమ్ముకు ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. విత్తనానికని బస్తా వేరుశనగ బుడ్డలు తెచ్చుకుని అక్క అరుగు మీద ఒలుస్తోంది. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. ఒకప్పుడు అచ్చు వేసినట్టు రాసిన వేళ్ళే. వాళ్ళ పిల్లలెవరూ ఐదో తరగతి దాటలేదు. నేనూ పక్కన కూర్చుని ఒలిచాను. ఎక్కడ మొదలుపెట్టానో తెలియదు, ఆరోజు గుడారంలో నేను చెప్పిన ఉదాహరణ, ఎర్రరొమ్ము పిట్ట, నాయన వదిలేసిన సగం రొట్టె, అంతా చెప్పేశాను. నా వల్లే నీ చదువు పోయిందక్కా అన్నాను. అది వింటూనే ఒలుస్తోంది. నాయన చేసింది తప్పు కాదు కదా, ఆయన చెప్పిన అర్థమే సరైనది కదా అని కూడా అన్నాను, ఎవరి తరఫున మాట్లాడుతున్నానో నాకే తెలియకుండా.

"అవ్వ యేలుముద్ర మంచిదే" అంది అక్క. "నాయన చెప్పిన అర్థమూ మంచిదే. ఆ పొద్దు నన్ను ఒక్క మాట అడిగింటే, నేనే పొయ్యి రెడ్డి వాకిట్లో నిలబడుంటి."

ఆ తర్వాత లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పిల్లల కబుర్లు చెప్పింది. సాయంత్రం బస్సుకు పంపేటప్పుడు కొంగున ఇన్ని బుడ్డలు కట్టింది.

అక్క పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ నేను నాయన గురించి బాధపడ్డాను, రెడ్డి మీద కోపం పెంచుకున్నాను, నా నోటిని తిట్టుకున్నాను. ఆ రెండు మాటల మధ్య వాళ్ళిద్దరూ, నేనూ తప్ప ఇంకొకరు ఉన్నట్టే నాకు తట్టలేదు. అక్క నన్ను క్షమించిందో లేదో కూడా తెలియదు. ఆరోజు అరుగు మీద అంతసేపు కూర్చుని నేను చెప్పాల్సిందంతా చెప్పుకున్నాను గానీ, దాన్ని ఏమీ అడగలేదు.